వయొలిన్ మీద నల్ల దువ్వెన

మా గల్లీలో పగలే రాత్రి. పటాన్‌చెరు నుంచి ఇంద్రేశం పోయే రోడ్డు పక్కన వరసగా ఉన్న కిరాయి ఇళ్ళు మావి. రెండిళ్ళకు కలిపి ఒకే గోడ. ఇంటికో మనిషి ఏదో ఒక కంపెనీలో పనిచేస్తాడు. మందుల కంపెనీయో, ఇనుము కంపెనీయో, సీసాల కంపెనీయో, ఏదైతేనేం, సగం మంది నైట్ షిఫ్టు చేసి తెల్లారి వచ్చి పడుకునేవాళ్ళే. ఎండ నడినెత్తికి వచ్చేసరికి మా గల్లీ మంచి నిద్రలో ఉంటుంది.

దానికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. నైట్ చేసి వచ్చిన మనిషి కంపెనీ చొక్కా విప్పి తలుపు బయటి గొళ్ళానికి తగిలిస్తాడు. చొక్కా వేలాడుతుంటే లోపల మనిషి పడుకున్నాడని గుర్తు. ఇక ఆ తలుపు ఎవరూ కొట్టరు. గ్యాస్ బండ తెచ్చే ఆయన బండను దొర్లించకుండా ఎత్తుకొచ్చి దింపుతాడు. కూరగాయల బండి ఆయన గల్లీ మొదట్లోనే మైకు ఆపేసి, చప్పుడు లేకుండా బండి తోసుకుంటూ పోతాడు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో నాకు తెలియదు. నేను కాపురానికి వచ్చేసరికే ఉంది.

ఆడవాళ్ళకు వేరే పద్ధతులు. పగటిపూట కుక్కర్ పెట్టరాదు, పప్పు గిన్నెలోనే ఉడకాలి. బట్టలు బండకేసి కొట్టరాదు, చేత్తో పిసకాలి. గిన్నె మీద గిన్నె బోర్లించేటప్పుడు మధ్యలో ఒక పాత గుడ్డ పెట్టాలి. మా ఆయన రేకులు వంచే ప్రెస్సు షాపులో ఏళ్ళకేళ్ళు నైట్లు చేశాడు. ఆయన పోయాక అదే గదిలో నా కొడుకు నైట్ చేసి వచ్చి పడుకుంటున్నాడు. ఇద్దరి నిద్రలూ కాచిన చేతులు నావి. నా చేతిలో గిన్నె మోగదని మా ఓనరమ్మ నలుగురిలో చెప్పేది. చదువూ సంధ్యా లేనిదాన్ని, నాకున్న పేరు అదొక్కటే. దాన్ని నేను బంగారంలాగా దాచుకున్నాను.

అలాంటి ఇంట్లోకి కోడలు వయొలిన్ తెచ్చింది.

ఆమె వాళ్ళ నాన్న ఆంధ్ర వైపు నుంచి ప్రభుత్వ ఫ్యాక్టరీలో నౌకరీకి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఆమె పుట్టిందీ పెరిగిందీ ఆ ఫ్యాక్టరీ క్వార్టర్లలోనే. అక్కడ ఇంటికీ ఇంటికీ మధ్య జామచెట్లూ పూలమొక్కలూ ఉంటాయి, ఎంత గట్టిగా వాయించినా అడిగేవాళ్ళు లేరు. చిన్నప్పటి నుంచి అక్కడే ఒక పంతులమ్మ దగ్గర నేర్చుకుంది. పెళ్ళయి మా ఇంటికి వచ్చేటప్పుడు పెట్టెకు దుప్పటి చుట్టి తెచ్చి బీరువా మీద పెట్టింది. ఎదురింటామె అది చూసి కుట్టుమిషను అనుకుంది. "అక్కా, మీ కోడలు జాకెట్లు కుడతదా? నాయి రెండున్నయి" అని అడిగింది కూడా.

కోడలు మొదటి రోజే మా తలుపులకు వేలాడే చొక్కాలను చూసింది. ఏమిటని అడిగితే చెప్పాను. బీరువా మీద పెట్టె వైపు ఒకసారి చూసి ఊరుకుంది. ఆ తర్వాత చాలా కాలం ఆ దుప్పటి విప్పలేదు. దుమ్ము మాత్రం తుడిచేది. ఎప్పుడన్నా నేను బయట నుంచి వచ్చేసరికి స్టూలు బీరువా దగ్గర ఉండేది, దుప్పటి ముడి కొత్తగా వేసినట్టు ఉండేది. నేను అడగలేదు.

ఒకనాడు కోడలికి క్వార్టర్ల స్నేహితురాలు ఫోను చేసింది. ఇంద్రేశంలో కొత్త వెంచర్ల మధ్య ఒక బడి పెట్టారు, సంగీతం టీచరు కావాలట, నెలాఖరున వచ్చి వాయించి చూపిస్తే నచ్చితే తీసుకుంటారట. సరిగ్గా ఆ వారమే నా కొడుకు ఇంకో కబురు తెచ్చాడు.

"సుల్తాన్‌పూర్ల సూదులు, సిరంజీలు తయారుచేసే కంపెనీల ప్యాకింగుకు ఆడోళ్ళను తీసుకుంటున్నరు. మా సూపర్‌వైజర్ తమ్ముడు ఆడనే ఉన్నడు. ఒకటో తారీఖు నుంచి రమ్మంటున్నడు. ఏమంటవ్?"

ఇంట్లో ఇంకో మనిషి సంపాదిస్తే తప్ప నడవని రోజులు. కోడలికీ తెలుసు.

"నెలాఖరు దాకా ఆగండి. బడివాళ్ళు వద్దంటే ఒకటో తారీఖున ప్యాకింగుకే పోతాను" అంది.

వాడు సరేనన్నాడు. వాడు డ్యూటీకి పోయాక వంటింట్లో నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ నెమ్మదిగా అంది: "అత్తయ్యా, అక్కడ వద్దంటే ఈ పెట్టె ఎవరికైనా ఇచ్చేస్తానండీ. పైన పెట్టుకుని రోజూ చూడటం నా వల్ల కావట్లేదు."

ప్యాకింగు పని తక్కువదని కాదు. నేనూ మందుల కంపెనీలో ఆ పని చేశాను, కొడుకు పుట్టకముందు. రోజంతా నిలబడి అట్టపెట్టెలు మడిచి ఇంటికి వస్తే ఈ చేతులు దువ్వెన పట్టుకోమన్నా మొండికేసేవి. ఆ పనికి పోయిన చెయ్యి మళ్ళీ సాయంత్రం వయొలిన్ పట్టదని నాకు తెలుసు. అందుకే అన్నాను: "పెట్టె దించు బిడ్డా. ఎట్లన్న చేద్దాం."

మర్నాడు పొద్దెక్కాక వంటింట్లో చాప పరిచింది. వాళ్ళ పద్ధతిలో కుడికాలు ముందుకు చాచి, వయొలిన్ తలను పాదం మీద ఆనించి, రెండో కొసను ఎదకు ఆనించి పట్టుకుంది. తీగలు బిగించి శ్రుతి చూసుకుని, కమాను ఎత్తి తీగల మీద ఒక్కసారి లాగింది. వంటింట్లో గిన్నెలన్నీ ఒక్కసారి విన్నట్టయింది నాకు. అంత పెద్ద గొంతు ఉంటుందనుకోలేదు ఆ చిన్న చెక్కకు.

ముందుగదిలో నా కొడుకు దుప్పట్లో నుంచే అడిగాడు: "అమ్మా, ఎవరింట్ల పెండ్లి?"

"ఎవరింట్ల లేదు, పండుకోరా."

గల్లీలో ఎక్కడో ఒక తలుపు తెరుచుకుని, మళ్ళీ మూసుకుంది. కోడలు కమాను ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసింది.

సాయంత్రం వాయిద్దామా అంటే, ఆ వేళకు నీళ్ళు పట్టుకోవాలి, వంట కావాలి, కొడుక్కి డబ్బా కట్టాలి. అవన్నీ అయ్యేసరికి పొద్దున షిఫ్టు వాళ్ళు పడుకునే వేళ. మా గల్లీలో ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు నిద్రలో ఉంటారు.

"దీనికి మూత లాంటిది ఏం ఉండదా బిడ్డా? చప్పుడు లోపట్నే ఉండేటట్టు?" అని అడిగాను.

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. తీగలను ఎత్తి పట్టుకునే చిన్న చెక్క ఒకటి ఉంటుంది వయొలిన్ నడుమ, బ్రిడ్జి అంటారు. దాన్ని గట్టిగా పట్టి ఉంచితే చప్పుడు తగ్గుతుందట. నేను పోయి తీగ మీద ఆరేసిన బట్టల నుంచి రెండు క్లిప్పులు తెచ్చి ఇచ్చాను. ఆమె నవ్వి, వాటిని ఆ చెక్కకు అటొకటి ఇటొకటి తగిలించింది. వయొలిన్‌ను ఉతికి ఆరేసినట్టుంది. చప్పుడు కొంచెం తగ్గింది గాని, ఒక క్లిప్పు వదులై జరజరమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. అది ఇంకా అన్యాయం.

తర్వాత ఫోనులో వెతికి అసలైనదాన్ని తెప్పించింది. పార్సిల్ విప్పితే అరచేతిలో పట్టేంత నల్ల రబ్బరు ముక్క, మూడు లావు పళ్ళతో, విరిగిన దువ్వెనలాగా ఉంది. ఇంట్లో సాధన చేసుకునేవాళ్ళు బ్రిడ్జి మీద పెట్టుకునే మ్యూట్ అట. మా ఇంట్లో మాత్రం అది దువ్వెనే అయింది. ఆమె దాన్ని బ్రిడ్జి మీద తొడిగి కమాను లాగింది. గొంతంతా ఎటో పోయింది. మూసిన అగ్గిపెట్టెలో తేనెటీగ తిరిగినట్టు, ఎవరో నోరు మూసుకుని పక్కింట్లో కూనిరాగం తీసినట్టు ఉంది. ముందుగదిలో కొడుకు గురక ఆగలేదు. నాకు ప్రాణం కుదుటపడింది. నా ఇంట్లో గిన్నె మోగదు, ఇప్పుడు వయొలిన్ కూడా మోగదు.

ఆ రోజు నుంచి వంట కాగానే రోజూ అదే పని. ఆమె బియ్యం డ్రమ్ము పక్కన చాప మీద, నేను ఎదురుగా ఆకుకూర ముందేసుకుని. ఆమె వేళ్ళు తీగల మీద పోతుంటే చూస్తూ ఉండేదాన్ని. పని తెలిసిన వేళ్ళు పోయే తీరు వేరు, ఏ పనిలోనైనా. మొదట్లో తడబడ్డాయి, మూడు నాలుగు రోజులకు దారి గుర్తొచ్చినట్టు పోసాగాయి. అయితే ఒకటి మాత్రం చూశాను. కమాను పట్టిన చెయ్యి రోజు రోజుకూ బరువుగా పడుతోంది. ముంజేతి నరం ఉబ్బేది.

"ఏందమ్మా, గంత గట్టిగ ఒత్తుతున్నవ్?"

"సరిగ్గా వినబడట్లేదు అత్తయ్యా. స్వరం పలికిందో లేదో నాకే తెలియట్లేదు."

"వినబడొద్దనే కదా గది పెట్టింది" అని నవ్వాను నేను. ఆమె కూడా నవ్వి ఇంకొంచెం ఒత్తింది.

మా వంటింటి గోడకు అవతల కంపెనీలో బాయిలర్ నడిపే ఆయన ఉంటాడు. కుటుంబం జహీరాబాద్ దగ్గర ఊళ్ళో ఉంటుంది, ఈయన ఒక్కడే ఇక్కడ. అడిగి మరీ నైట్లే తీసుకుంటాడు. నన్ను అక్కా అంటాడు, నేను తమ్మీ అంటాను. మంచి మనిషి, మాట తక్కువ. ఆ రోజుల్లో ఆయన కళ్ళు ఎర్రగా ఉండటం చూశాను. నల్లా దగ్గర కనబడితే ఏదో అడగబోయినట్టు చూసి, బిందె ఎత్తుకుని పోయేవాడు. బాయిలర్ వేడికి అలా ఉన్నాడేమో అనుకున్నాను.

ఒక రోజు కోడలు వాయిస్తుండగానే మా వెనక తలుపు దగ్గర దగ్గు వినబడింది. చూస్తే ఆయనే. కంపెనీ చొక్కా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తలుపుకు తగిలించిన చొక్కా తీసుకుని వచ్చాడంటే ఇక పడుకోనని అర్థం. 

"అక్కా, ఒక మాట."

ఆయన నోరు తెరవకముందే నేనే మొదలుపెట్టాను. "తమ్మీ, తప్పైంది. రబ్బరు పెట్టినం, బయటికి రాదనుకున్నం. ఇంకేమన్న అడ్డం పెడతం. నెలాఖరు దాక జెర ఓర్సుకో."

"గా రబ్బరుతోనే పరేషాన్ అయితున్న" అన్నాడాయన.

నాకు అర్థం కాలేదు. ఆయన గడప మీద కూర్చున్నాడు.

"నాకు చప్పుడుతో ఏం కాదక్కా. రాతిరంత బాయిలర్ పక్కన ఉండేటోన్ని. లారీ మీది నుంచి పోయినా లేవను. పోయినసారి గల్లీల డీజే పెడితే మంచిగ పండుకున్న. గని ఇది వినీ వినబడక వస్తది. చెవి పోయి గోడకు అతుక్కుంటది. ఏ పాట అది అని ఒకటే సోంచాయించుడు. ఆఁ, దొరికింది అనుకునేసరికి ఆగిపోతది. మళ్ళ మొదటి నుంచి షురూ. నిద్ర యాడికెల్లి వస్తది? బాయిలర్ల గూడ గంతే. సాఫ్ నడిస్తే కునుకు తీస్తం. సన్నగ ఎక్కడన్న సుయ్యిమన్నదనుకో, లేసి కూసుంటం."

కోడలు కమాను దింపి అడిగింది: "ఏ పాట అనుకున్నారండీ?"

"మొదలు మా ఊరి భజనల పాడేటిది అనుకున్న బిడ్డా. కాదు. ఇగ ఏదో పాత సినిమాది అనుకున్న. అది గూడ కాదు. నాలుగు రోజుల సంది అదే కొడుతున్నవ్, ఏంది అది?"

"అది పాటే కాదండీ. వరస. చేతివేళ్ళు తిరగడానికి వాయించే స్వరాలు."

ఆయన కొంచెంసేపు ఆమెను చూసి, నన్ను చూశాడు. "పాట కాదా?"

"కాదండీ."

"నేను నిద్ర మానుకోని దానికి మాటలు గూడ కలిపిన" అన్నాడు. కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన కూడా నవ్వాడు. తర్వాత లేస్తూ అన్నాడు: "సూడు బిడ్డా. కొడితే మంచిగ వినబడేటట్టు కొట్టు. లేకుంటే మొత్తమే కొట్టకు. నడిమిట్ల పెట్టి సంపకు. రెండు గంటలకు గల్లీ మొత్తం లేస్తది, నేను గూడ లేస్త. గప్పుడు ఆ రబ్బరు తీసి కొట్టు. ఎవడొచ్చి అడుగుతడో నేను సూస్త."

ఆయన పోయాక నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. మోతలో పడుకోవడం నేర్చిన మనుషులు వీళ్ళు. ఇన్నేళ్ళు చొక్కా చూసి గిన్నె కింద గుడ్డ పెట్టిన నేను, నిద్రపోయే మనిషి చెవి ఎలా పనిచేస్తుందో ఒక్కసారీ అడగలేదు.

ఆయన చెప్పిన రెండు గంటల వేళ ఎలాంటిదంటే, పొద్దున షిఫ్టు వాళ్ళు దిగుతారు, నైట్ వాళ్ళు లేస్తారు. తలుపుల మీది చొక్కాలన్నీ ఒకదాని వెనక ఒకటి మాయమవుతాయి. అంతదాకా అదిమి పెట్టుకున్న చప్పుడంతా అప్పుడు బయటికి వస్తుంది. కుక్కర్లు, మిక్సీలు, బండ మీద బట్టలు, నల్లా దగ్గర కొట్లాటలు. మా అత్తాకోడళ్ళ మోత పనులన్నీ కూడా ఆ గంటలోనే. అందుకే ఆ గంట మా లెక్కలోకి రాలేదు.

"ఇగ రెండింటి పనులు నేను సూసుకుంట. ఆ గంట నీది" అన్నాను.

మర్నాడు రెండింటికి చాప తెచ్చి వెనక తలుపు దగ్గర వేసింది. దువ్వెన తీసి పక్కన పెట్టింది. కమాను ఎత్తి లాగింది.

ఏం చెప్పను. ఇనుప కుర్చీని గచ్చు మీద ఈడ్చినట్టు వచ్చింది. ఆమెకే ఉలుకు పుట్టింది. మళ్ళీ లాగింది, మళ్ళీ అదే గీత. మెత్తగా పట్టమని చేతికి చెప్పినట్టుంది, ఈసారి కమాను వణికి తీగ మీద జారింది. ఎదురింటామె బట్టలు పిండుతూ అక్కడి నుంచే అడిగింది: "ఏందక్కా, మీ ఇంట్ల పిల్లి గిట్ల తలుపుల పడ్డదా?"

కోడలు ముఖం ఎర్రగా అయింది. దువ్వెన తీసి బ్రిడ్జి మీద తొడిగి, చాప లోపలికి లాక్కుంది. వాయించలేదు, ఊరికే కూర్చుంది.

"నా చెయ్యి పాడైపోయింది అత్తయ్యా. ఇంతకు ముందు ఇలా ఉండేది కాదు. ఆ రబ్బరు మీద ఒత్తీ ఒత్తీ చెయ్యి మారిపోయింది. నెలాఖరుకు ఎన్నాళ్ళో లేదు. మీ అబ్బాయిని సుల్తాన్‌పూర్‌కు ఫోను చెయ్యమనండి."

సంగీతం గురించి నాకేం తెలుసు, ఏమని చెప్పను? నాకు తెలిసిందే చెప్పాను.

"మీ మామ ప్రెస్సు షాపుల చేసేటోడు కదా. ఆడ మిషన్ల మోతల అరిస్తేనే వినబడేది. ఇంటికొచ్చి గూడ గట్లనే అరిసేటోడు. 'నీళ్ళియ్యి' అంటే గల్లీ మొత్తం నీళ్ళు తెచ్చేది. పెండ్లయిన కొత్తల నన్ను తిడుతున్నడనుకోని ఏడ్సిన. మా అత్తనే చెప్పింది, రెండు చాయిలు తాగనియ్యి, గొంతు అదే దిగుతది అని. నిజంగనే దిగేది. మోతల నుంచి వచ్చిన గొంతుకు ఇంటికొచ్చినట్టు తెలవాలె గదా. నీ చెయ్యి గూడ గంతే. ఇయ్యాల్నే వచ్చింది అది రబ్బరు కిందికెల్లి. జెర దిగనియ్యి."

ఆమె వయొలిన్‌ను ఒళ్ళోకి లాక్కుంది. తర్వాత దువ్వెన పీకి నా చేతిలో పెట్టింది. "మీ దగ్గరే ఉంచండి. అడిగినా ఇవ్వకండి."

దాన్ని పోపుల డబ్బాలో, ఎండుమిర్చి అరలో పెట్టాను.

మర్నాటి నుంచి పొద్దున పూట కమాను ముట్టుకోలేదు. చొక్కాలు వేలాడే వేళంతా ఎడమచేతి వేళ్ళు మాత్రమే తీగల మీద నడిపించుకునేది, పెదవులు కదులుతుండేవి. ఏమీ వినబడేది కాదు, గోడ అవతల ఆయన నిద్రపోయేవాడు. రెండు కాగానే చాప వెనక తలుపు దగ్గరికి వచ్చేది. మొదట ఒకటే తీగ, ఒకటే స్వరం, ఈ చివర నుంచి ఆ చివరకు పొడుగ్గా. పాట లేదు, వరస కూడా లేదు. ఎదురింటామె రోజూ ఒక మాట వేసేది. "ఇయ్యాల పిల్లికి జెర నయమైనట్టుంది" అని ఒకనాడు. "అక్కా, పిల్లి పాలు తాగిందా ఏంది, మెత్తగున్నది" అని ఇంకోనాడు. మొదట్లో ఆ మాటలకు ముడుచుకుపోయిన కోడలు, తర్వాత తర్వాత వాయించగానే ఆమె వైపు చూసేది, ఏమంటుందో అని. ఒక రోజు ఆమె ఏమీ అనలేదు. పిండిన చీర దండెం మీద వేయడం మరచిపోయి భుజాన వేసుకుని అలాగే నిలబడింది. రవిక అంతా తడిసింది.

నెలాఖరున బడికి పోయాం, నేనూ తనూ. ఆటోలో పెట్టె నా ఒళ్ళో ఉంది. దారి పొడుగునా ప్లాట్ల హద్దురాళ్ళు, సగం కట్టిన ఇళ్ళు, ఇసుక కుప్పలు. బడికి ఇంకా సున్నం వాసన పోలేదు. పొద్దున పెట్టె సర్దుతుంటే, ఎందుకైనా మంచిదని దువ్వెనను పోపుల డబ్బా నుంచి తీసి పెట్టెలోని చిన్న అరలో పెట్టింది నేనే. ఆమె చూసింది, వద్దనలేదు.

హెడ్‌మేడమ్ మర్యాదగానే కూర్చోబెట్టింది. మంచినీళ్ళు ఇప్పించింది. తర్వాత కొంచెం మొహమాటంగా అంది: "పక్క గదిలో పిల్లలు పరీక్ష రాస్తున్నారమ్మా. సౌండు ఎక్కువ రాకుండా, మెల్లగా వాయించగలరా? సౌండు తగ్గించేది ఏదో ఉంటుందంటారు కదా, ఉంటే పెట్టుకోండి. నాకు ఐడియా వస్తే చాలు."

దువ్వెన పెట్టెలోనే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. కోడలు నా వైపు చూసింది. పెట్టుకో బిడ్డా, మేడమ్ చెప్పినట్టు విను, అని నా నోటి చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను.

"ఉందండీ" అంది కోడలు. "కానీ అది పెట్టి వాయిస్తే మీరు నా వాయిద్యం విననట్టే. పిల్లలకు కూడా ఇబ్బందే, సగం సగం వినబడితే చెవి ఇటే ఉంటుంది, పరీక్ష మీద ఉండదు. గంట కొట్టేదాకా బయట కూర్చుంటాను, పరవాలేదాండీ?"

మేడమ్ కళ్ళద్దాలు తీసి చూసింది. "మీ ఇష్టం. వేరే ఆమె కూడా వస్తుంది మరి" అంది.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాం.  నెమ్మదిగా అడిగాను: "పెట్టుకుంటే ఏమయ్యేది బిడ్డా?"

"మళ్ళీ ఒత్తేదాన్ని అత్తయ్యా. ఆ చెయ్యి ఇంకా మరిచిపోలేదు."

ఇంకో ఆమె వచ్చింది, చేతిలో ఏమీ లేదు. లోపలికి పోయి మెల్లగా ఒక పాట పాడి, నవ్వుతూ బయటికి వచ్చి వెళ్ళిపోయింది. మేము గోడమీది గడియారం చూస్తూ కూర్చున్నాం. సుల్తాన్‌పూర్‌కు ఏ బస్సు పోతుందో అని కూడా ఆలోచించాను, అబద్ధమెందుకు.

గంట కొట్టారు. అంతే, బడి మొత్తం ఒక్కసారి విరుచుకుపడింది. అన్నం వేళ. డబ్బా మూతలు, బెంచీలు జరపడం, నల్లా దగ్గర తోసుకోవడం, పేర్లు పెట్టి పిలుచుకోవడం. మేడమ్ తల పట్టుకుంది. "ఇప్పుడు మరీ గోలగా ఉందమ్మా. ఏం వినబడుతుంది? తలుపులు వేయించనా?"

"వద్దండీ. నాకు ఈ గోలే అలవాటు" అంది కోడలు.

ఆయా జంపఖానా పరిచింది. కోడలు కుడికాలు చాచి, శ్రుతి చూసుకుని, కమాను తీగ మీద పెట్టింది. ఒత్తలేదు. చెయ్యి దానంతటది పోయింది. ముంజేతి నరం ఉబ్బలేదు, నేను చూస్తున్నది దాన్నే. అంత గోలలోనూ ఆ గొంతు గోలను నెట్టకుండా, దాని పక్క నుంచే తొవ్వ చేసుకుని పోయింది. మా వెనక తలుపు దగ్గర కుక్కర్ల మధ్య, మిక్సీల మధ్య పోయినట్టే. మొదట స్వరాలు వాయించింది, తర్వాత ఒక కీర్తన అందుకుంది. తలుపు దగ్గర ఇద్దరు ముగ్గురు పిల్లలు అన్నం డబ్బాలతో ఆగారు. ఒక పాప నోట్లో ముద్ద నమలకుండానే వింది. మేడమ్ వాళ్ళను పొమ్మనబోయి చెయ్యి దించేసింది.

 అయిపోయాక మేడమ్ అడిగింది: "ఇందాక అది పెట్టుకుని వాయిస్తే ఎలా ఉండేది?"

కోడలు దువ్వెన తీసి తొడిగి, అదే పాట మొదటి ముక్క వాయించింది. తలుపు దగ్గరి పిల్లలు ఏమీ వినబడక మెడలు ముందుకు చాచారు. మేడమ్ కూడా కుర్చీలో ముందుకు వంగింది. వంగి, తన వంగడం తనకే తెలిసినట్టుంది, నవ్వింది.

"సోమవారం నుంచి రండి. ఈ ఏడాదికి వారంలో మూడు రోజులు. పిల్లలు చేరేదాన్ని బట్టి వచ్చే ఏడు చూద్దాం."

పూర్తి నౌకరీ కాదు. కానీ ఆటో ఎక్కేదాకా ఆమె ఆ పెట్టెను నా చేతికి ఇవ్వలేదు. ఇంటికి వచ్చేసరికి నా కొడుకు లేచి గొళ్ళానికున్న చొక్కా తీస్తున్నాడు. సంగతి విని, చొక్కా భుజాన వేసుకుని, ఫోను తీసి సూపర్‌వైజర్‌కు చెప్పాడు: "అన్నా, ఆ ప్యాకింగు ముచ్చట ఇంకోళ్ళకు చెప్పు. మా ఆమెకు వేరే డ్యూటీ దొరికింది." ఫోను పెట్టేశాక భార్యను అడిగాడు: "నీకు కంపెనీ చొక్కా ఇయ్యరా మరి?"

ఇప్పుడు ఆ మూడు రోజులు ఆమె బడికి పోతుంది. మిగతా రోజులు రెండు కాగానే చాప వెనక తలుపు దగ్గరికి వస్తుంది. దువ్వెన మా వంటింటి కిటికీ రెక్క సందులో ఉంది. గాలికి ఆ రెక్క టపటపా కొట్టుకునేది, ఇప్పుడు కొట్టుకోదు.

గోడ అవతల బాయిలర్ ఆయన సరిగ్గా ఆ వేళకు చొక్కా తీసి లోపల పెట్టి, బయటికి వచ్చి నిలబడతాడు.

"బిడ్డా, ఇయ్యాల పాటనా, వరసనా?"

"ముందు వరస అండీ. తర్వాత పాట."

"అయితే చాయి పెట్టుకోని వస్త" అంటాడు.